వృద్ధాశ్రమం మంచిదో కాదో ఎట్లా చూడాలి: నల్లగొండ, పాలమూరు కుటుంబాలకు

వృద్ధాశ్రమం వెతికే కుటుంబాలు చాలావరకు ఫోన్లోనే తేల్చేస్తాయి. కొడుకు అమెరికాలోనో పుణెలోనో ఉంటాడు, బిడ్డ హైదరాబాద్‌లో ఉంటుంది. వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు వస్తాయి: టైల్స్ వేసిన హాలు, తులసికోట, ఎవరిదో పుట్టినరోజు కేకు. నెలకెంత, అడ్వాన్సెంత అని మాట్లాడుకుంటారు, వచ్చే సోమవారం తీసుకొస్తామంటారు. ఇందులో సంరక్షణ గురించి తెలిసింది ఏమీ లేదు. అది తెలిసేది రెండు చోట్ల: లోపల ఉంటున్నవాళ్ల ఒంటి మీద, అక్కడ రాసే రిజిస్టర్లలో.

ఏ ఊళ్లో చేర్చాలి

డబ్బు పంపేవాళ్లకు విమానాశ్రయం దగ్గరవుతుందని చౌటుప్పల్ దగ్గరో షాద్‌నగర్ దగ్గరో చేరుస్తుంటారు. గంటలోపు వచ్చి చూడగలిగే మనిషి ఎవరో ముందు తేల్చుకోండి. మేనమామ కావచ్చు, చెల్లెలి కొడుకు కావచ్చు. ఆ మనిషి మిర్యాలగూడలో ఉంటే మిర్యాలగూడ చుట్టుపక్కలే వెతకండి. కొంచెం తక్కువ హంగులున్నా సరే, ఎవరో ఒకరు వచ్చిపోయే చోటే పెద్దవాళ్లకు నయం.

రెండోది, రాత్రిపూట ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది. పక్షవాతం వచ్చిన మనిషికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వగలరు, అదీ సీటీ స్కాన్ తీసి చూశాకే. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేటల్లో వైద్య కళాశాలలతో కలిసి ప్రభుత్వ పెద్దాసుపత్రులున్నాయి. ఆశ్రమం నుంచి వాటికి దారి ఎట్లుందో, రాత్రి బండి ఎవరిదో, వెంట ఎవరు పోతారో అడగండి. "108కి ఫోన్ చేస్తాం" అనేది సగం జవాబే. ఆసుపత్రిలో పక్కన కూర్చునే మనిషి ఎవరు అనేది మిగతా సగం.

మొదటిసారి వెళ్లినప్పుడు

చెప్పి ఒకసారి, చెప్పకుండా ఒకసారి వెళ్లండి. చెప్పకుండా వెళ్లేది పొద్దున 7 గంటలకైతే మంచిది, లేదంటే రాత్రి 7:30కి. పొద్దున స్నానాలు, పక్కలు మార్చడం కనిపిస్తాయి. రాత్రి ఎంతమంది డ్యూటీలో ఉన్నారో కనిపిస్తుంది. సాయంత్రం 4 గంటలకు వెళ్తే అందరూ తలదువ్వుకుని, బొట్టు పెట్టుకుని, టీ తాగుతూ ఉంటారు. ఆ గంటలో ఏ ఆశ్రమమైనా బాగానే ఉంటుంది.

లోపలికి అడుగుపెట్టగానే వాసన గమనించండి. ఒక మంచం దగ్గర మూత్రం వాసన వస్తే ఇప్పుడే తడిపి ఉంటారు, అది తప్పు కాదు. ఇల్లంతా వస్తే పరుపుల్లోకి దిగిందని అర్థం. ఫినాయిల్ ఘాటు ముక్కు పగలగొడుతుంటే కాసేపు కూర్చుని, అది తగ్గాక మళ్లీ చూడండి.

తర్వాత అక్కడి పెద్దవాళ్ల చేతులు, కాళ్లు. గోళ్లు తీసి ఉన్నాయా, వేళ్ల సందుల్లో పాసి ఉందా, కళ్లద్దాలు తుడిచి ఉన్నాయా, చెవి మిషన్‌లో బ్యాటరీ ఉందా. ఎవరి బట్టలు వాళ్లవేనా, లేక ఉతికిన కుప్పలోంచి చేతికొచ్చింది తొడుగుతున్నారా. ఒక అవ్వ పక్కన కూర్చుని, "రాత్రి లేవాలనిపిస్తే ఎవర్ని పిలుస్తవ్ అవ్వా?" అని మెల్లగా అడగండి. ఆమె పేరు చెబితే, "లక్ష్మమ్మ వస్తది" అంటే, అక్కడ రాత్రి ఒక మనిషి ఉన్నట్టు. "ఎవర్ని పిలుస్త బిడ్డా, తెల్లారేదాక ఊకుంట" అంటే మేనేజరు ఎన్ని మాటలు చెప్పినా వినాల్సిన పనిలేదు.

మణికట్లు, చీలమండలు కూడా చూడండి. గీతలు, కమిలిన గుర్తులు ఉంటే రాత్రి మంచానికి కడుతున్నారేమో అడగాలి. మతిమరుపు జబ్బున్నవాళ్లు లేచి తిరుగుతారు, నిజమే. దానికి మందు తాడు కాదు. గేటుకు గొళ్లెం, జేబులో పేరూ ఫోన్ నంబరూ ఉన్న కార్డు, తిరగడానికి వరండా, చూసుకునే మనిషి కావాలి.

స్నానాల గదిలోకి మీరే వెళ్లండి. మన దగ్గర చాలా ఆశ్రమాలు ఇళ్లనే మార్చి పెట్టినవి, అందుకే గడపలు, షాబాద్ బండలు ఉంటాయి. తడిసిన బండ మీద కాలు జారుతుంది, రెండంగుళాల గడప రాత్రిపూట తుంటి విరగ్గొడుతుంది. కమోడ్ పక్కన గోడకు పట్టుకునే కడ్డీ ఉండాలి, దాన్ని మీ బరువంతా వేసి లాగి చూడండి. ప్లాస్టిక్ తువ్వాలు కడ్డీ దానికి పనికిరాదు. కమోడ్ ఎత్తు నేల నుంచి 17, 18 అంగుళాలుంటే మోకాళ్ల నొప్పులవాళ్లు లేవగలరు. మంచం మీద కూర్చుంటే పాదాలు రెండూ నేలకు ఆనాలి. మంచం నుంచి మరుగుదొడ్డి దాకా రాత్రంతా చిన్న బల్బు వెలగాలి. వేడినీళ్లు ముందు బకెట్‌లో కలిపి, మోచేత్తో చూసి పోస్తున్నారా, గీజర్ కుళాయి కిందే కూర్చోబెడుతున్నారా అన్నది అడక్కుండా చూసి తెలుసుకోండి.

రాత్రి లెక్క

మంచాన పడ్డవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతామని ప్రతి ఆశ్రమమూ చెబుతుంది. కాగితం తీసి లెక్క వేయండి. ఒక మనిషిని సరిగ్గా తిప్పి, డైపర్ చూసి, దిండ్లు సర్దడానికి ఇద్దరు కావాలి, పది నిమిషాలు పడుతుంది. మంచాన పడ్డవాళ్లు ఆరుగురుంటే ఒక్క విడతకు ఇద్దరికి గంట పని. రాత్రి 9 నుంచి పొద్దున 5 దాకా నాలుగు విడతలంటే నాలుగు గంటలు. ఈలోగా మిగతావాళ్లలో ఒకరు మూత్రానికి లేస్తారు, ఒకరు దగ్గుతారు, ఒకరు ఇంటికి పోతానని గేటు దగ్గరికి వెళ్తారు. ఆ ఇద్దరికి ఊపిరి తీసుకోవడానికి వీలుండదు. అదే ఇరవై మందికి రాత్రి ఒక్క ఆయమ్మ ఉంటే తిప్పడం జరగదు. ఆమె మంచిది కాక కాదు, ఒక్కతే తిప్పలేదు గనక.

తిప్పిన రిజిస్టర్ చూపించమనండి. 10, 12, 2, 4 అని ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, గంట మీద ఒక్క నిమిషం తేడా లేకుండా రాసి ఉంటే అది పొద్దున టీ తాగుతూ నింపింది. నిజంగా రాసిన దాంట్లో 10:20, 12:45 ఉంటాయి, ఒక చోట కొట్టివేత ఉంటుంది, "విరేచనం, బెడ్‌షీట్ మార్చాం" అని ఉంటుంది.

అందుకే ఎంతమంది సిబ్బంది ఉన్నారని మొత్తంగా అడగొద్దు. వంటమనిషినీ, వాచ్‌మన్‌నూ, తోటమాలినీ కలిపి చెబుతారు. రాత్రి 10 తర్వాత మనుషుల్ని ముట్టుకుని పనిచేసేవాళ్లు ఎందరు, మంచాన పడ్డవాళ్లు ఎందరు, ఈ రెండే అడగండి.

పుండ్లు పడకుండా

పడక పుండు ఒక్క రాత్రిలో మొదలవుతుంది, మానడానికి నెలలు పడుతుంది. కాబట్టి మీరు వచ్చిన ప్రతిసారీ వీపు చూడండి. మనిషిని పక్కకు తిప్పి నడుం కింద ముడ్డిపూస దగ్గర, రెండు తుంటి ఎముకల మీద, మడమల వెనక, మోచేతుల దగ్గర, చెవుల వెనక చూడాలి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎరుపెక్కాలి. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు కనిపించదని గుర్తుంచుకోండి. పక్క చర్మం కన్నా నల్లగానో ఊదాగానో ఉండటం, చేతికి వెచ్చగా, గట్టిగా తగలడం, అక్కడ నొప్పి అనడం, ఇవీ గుర్తులు. ఆ చోట నూనె పెట్టి రుద్దొద్దు, లోపలి కండ ఇంకా చితుకుతుంది. గాలి నింపిన ట్యూబు రింగు మీద కూర్చోబెట్టడం కూడా తప్పే, చుట్టూ నొక్కుకుని మధ్యలోకి రక్తం అందదు.

తిప్పే పద్ధతి ఇది. కింద అడ్డంగా వేసిన మడత దుప్పటి పట్టుకుని ఇద్దరూ ఎత్తాలి, చంకల కింద చేతులేసి ఈడ్చకూడదు. పూర్తిగా పక్కకు పడుకోబెడితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి కొంచెమే, ముప్పై డిగ్రీలు, వాల్చాలి. మోకాళ్ల మధ్య ఒక దిండు. పిక్కల కింద ఇంకోటి, మడమలు గాల్లో తేలేట్టు.

ఎయిర్‌బెడ్ ఉంది కదా, తిప్పక్కర్లేదు అనే మాట తరచూ వింటాం. ఎయిర్‌బెడ్ ఉన్నా తిప్పాల్సిందే. అది పనిచేస్తోందో లేదో చూడటం తేలిక: పిరుదుల కింద, ఎయిర్‌బెడ్‌కూ పరుపుకూ మధ్య అరచేయి దూర్చండి. కనీసం అంగుళం గాలి ఉండాలి, ఎముక చేతికి తగిలితే గాలి సరిపోలేదు. దాని మీద మందపు బొంతలు, రబ్బరు షీట్లు పరిస్తే పెట్టిన ఖర్చు దండగ. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, ఇన్వర్టర్ లైన్ ఆ ప్లగ్గుకు ఇచ్చారా అని అడగండి.

డైపర్ మూడు నాలుగు గంటలకోసారి చూడాలి, మలం ఉంటే వెంటనే మార్చాలి. రోజుకు నాలుగు, ఐదు అంటే నెలకు 120 నుంచి 150. మీరు నెలకు 60 కొనిస్తూ పుండు ఎందుకు పడిందని ఆయమ్మ మీద అరవడం న్యాయం కాదు.

యూరిన్ పైపు ఉంటే సంచి ఎప్పుడూ పొట్ట కన్నా కిందే వేలాడాలి, నేలకు తగలకూడదు, పైపు మార్చిన తేదీ సంచి మీద రాసి ఉండాలి.

ఫ్లోరైడ్ ఒళ్లు

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు పుట్టి పెరిగిన పెద్దవాళ్లను వేరేగా చూసుకోవాలి. బయటి ఊళ్ల నుంచి వచ్చిన సిబ్బందికి ఈ సంగతి తెలియదు, మీరే చెప్పాలి. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరునీళ్లు తాగి వెన్ను కొయ్యబారి ఉంటుంది, మెడ తిరగదు, మోచేతులు మోకాళ్లు పూర్తిగా చాపలేరు. అలాంటి మనిషిని చేతులు పట్టి లేపకూడదు. ముందు ఒంటిని మొద్దులా ఒక్కటిగా పక్కకు దొర్లించి, కాళ్లు మంచం కిందికి దించి, భుజం వెనక చెయ్యేసి కూర్చోబెట్టాలి. వంగిన మెడకు ఒక్క దిండు చాలదు, రెండు మూడు కావాలి, బలవంతంగా చదును చేయొద్దు. నేల మరుగుదొడ్డి వీళ్లకు అసాధ్యం, కమోడ్ కుర్చీ తప్పదు. చెయ్యి నోటిదాకా రాకపోతే లావు పిడి ఉన్న పొడుగు చెంచా ఇవ్వండి. ఇన్నాళ్లూ నడిచిన మనిషి కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్నా, బలం తగ్గిందన్నా, మూత్రం తెలియకుండా పోతోందన్నా వయసు మీద వేయొద్దు. వెన్నులో నరాలు నొక్కుకుపోతుండవచ్చు, ఆలస్యం లేకుండా డాక్టరుకు చూపించాలి.

తాగేనీళ్లు ఎక్కడివో అడగండి. మిషన్ భగీరథ నల్లా నీళ్లా, బోరా, ఆర్‌వో ప్లాంటు డబ్బాలా? లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ మించితే తాగడానికి పనికిరాదు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్, యూవీ ఫిల్టర్ కూడా దాన్ని ఆపవు. వంటకు బోరునీళ్లు, తాగడానికి డబ్బానీళ్లు వాడే చోట్లు ఉన్నాయి. పప్పులో, చారులో పోసిన నీళ్లూ ఒంట్లోకే పోతాయి.

ఎండాకాలం

నల్లగొండలో మే నెల ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. రేకుల షెడ్డులో మంచాలు వేసి ఉంటే చలికాలంలో చూసి మోసపోవద్దు. వయసు పైబడితే దాహం తెలియదు, పైగా రాత్రి లేవాల్సి వస్తుందని కావాలనే నీళ్లు తాగరు. డాక్టరు నీళ్లు తగ్గించమని చెప్పని మనిషికి రోజుకు లీటరున్నర దాకా పోవాలి, అదీ అడిగితే ఇవ్వడం కాదు, గంటగంటకూ గ్లాసు చేతికివ్వడం. సల్ల, అంబలి, పలుచని జావ అన్నీ లెక్కే. గుండె, కిడ్నీ జబ్బులవాళ్లకు ఎంత అన్నది డాక్టరుతో రాయించి మంచం దగ్గర అతికించండి.

నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఇవాళ సంబంధం లేకుండా మాట్లాడుతుంటే "మతి పోయింది" అని వదిలేయడం సిబ్బంది ఎక్కువగా చేసే పొరపాటు. ఒంట్లో నీళ్లు తగ్గినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా, షుగర్ పడిపోయినా అట్లాగే ఉంటుంది. షుగర్, జ్వరం, బీపీ, మూత్రం రంగు అప్పటికప్పుడు చూడాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే వడదెబ్బ: తడిబట్టలు, ఫ్యాను, 108.

తిండి

రాత్రి అన్నం 6 గంటలకే పెట్టి, పొద్దున టిఫిను 8:30కి ఇచ్చే చోట్లు ఎక్కువ, వంటమనిషి ఇంటికి పోవాలి కదా. పద్నాలుగు గంటలకు పైగా ఖాళీ కడుపు. షుగర్ గోలీ వేసుకున్నవాళ్లకు తెల్లవారుజామున ఇదే ముప్పు తెస్తుంది. 9 గంటలకు గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు ఇస్తారా అని అడిగి రాయించుకోండి.

చారన్నం, మజ్జిగన్నంతో పొట్ట నిండుతుంది గానీ కండ నిలవదు. 50 కిలోల మనిషికి రోజుకు 50 నుంచి 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రెండు గుడ్లు, అర లీటరు పాలు కలిపితే సగం వస్తుంది, మిగతాది పప్పు, పెరుగు, శనగలతో నింపాలి. కిడ్నీ జబ్బుంటే లెక్క మారుతుంది, డాక్టరును అడగాలి. జొన్నరొట్టె తప్ప ముట్టని పెద్దమనిషికి పాలల్లోనో పప్పులోనో మెత్తగా నానబెట్టి ఇవ్వండి, పొడిది గొంతులో పడుతుంది. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి ఉంచి, మింగింది చూసి రెండో ముద్ద. ముక్కు పైపుతో పోసేవాళ్లను పోశాక కనీసం అరగంట వెల్లకిలా పడుకోబెట్టొద్దు.

నెలకోసారి అదే కాటా మీద తూకం వేయించండి. నెలలో ఐదు శాతం, అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే డాక్టరుకు చూపాలి. చాలాసార్లు తేలేది చిన్న కారణమే, కట్టుడు పళ్లు వదులై నమలలేకపోవడం లాంటిది.

గోలీలు

చేర్చేరోజు సంచెడు గోలీలు అప్పగించి పోవద్దు. ఒక కాగితం మీద మందు పేరు, ఎందుకు, ఎప్పుడు, తిన్నాకా తినకముందా రాసి, డాక్టరు సంతకం పెట్టించండి. వేర్వేరు డాక్టర్లు రాసినప్పుడు ఒకే మందు రెండు పేర్లతో వస్తుంది. స్టామ్లో, ఆమ్లాంగ్ రెండూ ఆమ్లోడిపిన్ అనే బీపీ మందే. టెల్మా ఏఎమ్‌లోనూ అదే ఉంటుంది. మూడూ మింగితే కాళ్లు వాస్తాయి, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడతారు. పడ్డ ప్రతిసారీ పడుకున్నప్పటి బీపీ, నిలబడ్డ మూడు నిమిషాల లోపు బీపీ చూడమనండి. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తగ్గితే మందులు మళ్లీ చూడాలి.

పేరు చివర ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, ఈఆర్ ఉన్న గోలీల్ని నూరి పైపులో పోయొద్దు, రోజంతా మెల్లగా దిగాల్సింది ఒక్కసారే దిగుతుంది. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ గోలీ వేసి అన్నం తినకపోతే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు వస్తే గ్లూకోమీటర్‌తో చూసి, 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. ఈ మాట రాత్రి ఆయమ్మకు తెలుసా అన్నదే ప్రశ్న, మేనేజరుకు తెలిసి లాభం లేదు.

పగలంతా మత్తుగా ఉంటే నిద్రగోలీ ఎవరు రాశారని అడగండి. రాత్రి మనుషులు తక్కువైన చోట అందర్నీ నిద్రపుచ్చడం సులువైన దారి. కీళ్లనొప్పులకు ఊరి ఆర్‌ఎంపీతో రోజూ డైక్లోఫెనాక్ సూదులు వేయించడం కూడా ఆపించండి. బీపీ మందులు వాడే పెద్దవాళ్లకు కిడ్నీలు దెబ్బతింటాయి.

కాగితాలు, డబ్బు

నెల ఫీజులో ఏమేం వస్తాయో, డైపర్లు, ఫిజియోథెరపీ, ఆసుపత్రిలో తోడుండే మనిషి వేరేనా, అడ్వాన్సు ఎప్పుడు తిరిగిస్తారో రాతలో తీసుకోండి. ఏటీఎం కార్డు, పింఛను పుస్తకం, బంగారం ఆశ్రమంలో పెట్టొద్దు. ఆసరా (ఇప్పుడు చేయూత) పింఛను తీసుకునేవాళ్లైతే ఊరు మారే ముందు పంచాయతీ కార్యదర్శిని కలిసి ఎట్లా అందుతుందో మాట్లాడుకోండి. ఆస్తి రాసిస్తే జీవితాంతం చూసుకుంటామనే చోటికి అసలు పోవద్దు. పిల్లలకే ఆస్తి రాసిచ్చినా, చూసుకోవాలనే షరతు పత్రంలో ఉంటే, చూసుకోని పక్షంలో 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌లో ఆ బదిలీని రద్దు చేయించుకునే వీలుంది.

చేర్చాక

మొదటి నెల వారానికోసారి, ప్రతిసారీ వేరే వేళకు ఎవరో ఒకరు వెళ్లాలి. దూరంగా ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో "బాగున్నవా బాపూ?" అని అడిగితే "బాగున్న" అనే జవాబే వస్తుంది, పక్కన సిబ్బంది నిలబడి ఉంటారు. "పొద్దున ఏం తిన్నవ్, కూర ఏంది, నీళ్లెవరు పోసిండ్రు?" అని అడగండి. కాలు చూపించమనండి, వాపు కనిపిస్తుంది. ఆయమ్మలతో పేరు పెట్టి మాట్లాడండి, పండక్కి చీర పెట్టండి. లంచమని కాదు, పన్నెండు గంటలు నిలబడి పనిచేసే మనిషికి మర్యాద.

ఏదైనా తప్పు కనిపిస్తే ఫొటో తీసి, తేదీ, వేళ వేసి, మేనేజరుకు రాతలో ఇవ్వండి, మూడు రోజుల గడువు పెట్టండి. కదలిక లేకపోతే కలెక్టరేట్‌లో జిల్లా సంక్షేమాధికారికి దరఖాస్తు ఇవ్వండి. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567 పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది, ఖర్చు లేదు. కొట్టడం, కట్టేయడం, తిండి పెట్టకపోవడం కంటపడితే గడువులేమీ వద్దు, నేరుగా పోలీసులు: 100 గానీ 112 గానీ.

వేరే చోటికి మార్చాల్సి వస్తే బండెక్కించే ముందు వీపు ఫొటో, ఆరోజు తూకం, మందుల కాగితం, డిశ్చార్జి రిపోర్టుల నకళ్లు చేతిలో ఉంచుకోండి, కొత్త ఆశ్రమంలో దింపిన గంటలోపే వాళ్ల ముందే మళ్లీ వీపు చూపించి సంతకం తీసుకోండి.